గాలిమోటర్ల దారిలో...

కరీంనగర్‌ నుంచి ఆదిలాబాద్‌ వెళ్లాలంటే జగిత్యాల మీదుగా నిర్మల్‌ చేరి, అక్కణ్నుంచి పైకి పోతే చాలు. పొద్దున బస్సెక్కినవాళ్లు మధ్యాహ్నం భోజనం ఆదిలాబాద్‌లో చేయొచ్చు. నేను మాత్రం హైదరాబాద్‌ మీదుగా వెళ్లాను. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు! దాదాపు నూట అరవై కిలోమీటర్లు దక్షిణానికి దిగి, మళ్లీ మూడొందల కిలోమీటర్లు ఉత్తరానికి ఎక్కాను. టికెట్‌ కొట్టిన కండక్టర్‌ నన్ను ఎగాదిగా చూశాడు.

కారణం ఉంది. మా రెండు జిల్లాలవాళ్లు రాజధానికి పోయే దారులు రెండు. ఒకటి రాజీవ్‌ రహదారి, రెండోది 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు అది ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే, నాగపూర్‌ రోడ్డే. మొదటిది హకీంపేట వైమానిక స్థావరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. రెండోది బోయిన్‌పల్లిలో మొదలై, దుండిగల్‌ ఎయిర్‌ఫోర్స్‌ అకాడమీకి కాస్త ఎడంగా, తూప్రాన్‌ మీదుగా సాగుతుంది. విమానం నడపడం నేర్చుకునే పిల్లలు, నేర్పే గురువులు తిరిగే ఆకాశం ఈ రోడ్ల మీదే ఉంది. వాళ్లలో కొందరు నేలకొరిగిన చోట్లు కూడా ఈ రోడ్ల పక్కనే ఉన్నాయి. ఎన్నో ఏళ్లు కిటికీ పక్క సీటు కోసం కొట్లాడి, కూర్చోగానే నిద్రపోయినవాణ్ని. ఈసారి మెలకువగా పోవాలనుకున్నా.

మా ఊళ్లో విమానాన్ని విమానం అనేవాళ్లు కాదు. గాలిమోటరు. ఆ చప్పుడు వినపడితే చాలు, అన్నం పళ్లెం వదిలేసి వాకిట్లోకి ఉరికేవాళ్లం. నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అది వెండి చుక్కై మాయమయ్యేదాకా చూసేవాళ్లం. అందులో ఎవరో గొప్పవాళ్లు కూర్చుని ఎక్కడికో పోతున్నారని అనుకునేవాళ్లం. కొన్నిట్లో ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాడు చెమటలు కక్కుతూ పాఠం నేర్చుకుంటూ ఉంటాడని చాలా ఆలస్యంగా తెలిసింది.

హకీంపేట గోడ పక్కన

మానేరు వంతెన దాటి, అలుగునూరు, సిద్దిపేట, ప్రజ్ఞాపూర్‌, శామీర్‌పేట చెరువు... ఈ వరస కరీంనగర్‌వాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. తూంకుంట దాటాక పొడుగాటి ప్రహరీగోడ, దాని మీద ముళ్లతీగ, ఫొటోలు తీయొద్దనే బోర్డులు. అదే హకీంపేట. ఇక్కడ రోడ్డు రన్‌వే కొసకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, దిగే విమానం బస్సు టాపు మీదుగా పోయిందా అనిపించేది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఒడిలో సంచి సర్దుకుంటూ, “గాలిమోటర్ల జాగ బిడ్డా ఇది” అంది. “అవునవ్వా” అన్నాను. ఆ మాట ఇంకా బతికే ఉన్నందుకు సంతోషమేసింది.

రెండో ప్రపంచయుద్ధం నాటి ఈ విమానాశ్రయం స్వాతంత్ర్యం తర్వాత జెట్‌ చదువులకు బడి అయింది. తొలి తరం జెట్‌ శిక్షణ విమానం వాంపైర్‌. 1948లో వాంపైర్లు మనదేశానికి వచ్చాయి. తర్వాత బెంగళూరు హెచ్‌.ఎ.ఎల్‌.లో కూడా తయారయ్యాయి. రెండు తోకబద్దలతో చూడటానికి వింతగా ఉండే ఈ విమానంలో ఇంకో వింత ఉంది. దాని ముందు భాగం, అంటే పైలట్‌ కూర్చునే గూడు, చెక్కతో చేసింది! పలచటి ప్లైవుడ్‌ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క అతికించి, అచ్చులో వంచి తయారుచేసేవారు. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోయే జెట్‌కు చెక్క ఒళ్లు. గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చునే టి-55 రకం మీద 1960లలో ఎందరో యుద్ధ పైలట్లు హకీంపేటలోనే జెట్‌ పాఠాలు నేర్చారు. ఆ తర్వాత పోలండ్‌ నుంచి ఇస్క్రాలు వచ్చాయి. అవి 2004 దాకా ఎగిరాయి. వాటితో పాటు మన సొంత విమానం కిరణ్‌.

కిరణ్‌ గురించి కాస్త చెప్పుకోవాలి. హెచ్‌.ఎ.ఎల్‌.లో వి.ఎం.ఘాటగే ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఈ జెట్‌ 1964 సెప్టెంబరు 4న తొలిసారి గాల్లోకి లేచింది. నడిపినవారు సురంజన్‌ దాస్‌. 1968లో వాయుసేనలో చేరింది. పొట్టిగా, లావుగా, బొజ్జ ఉన్న పిచ్చుకలా ఉంటుంది. దీంట్లోనూ రెండు సీట్లు పక్కపక్కనే. నేర్పేవాడికి నేర్చుకునేవాడి చెయ్యి ఎటు వణుకుతోందో కనపడాలి కదా! 2016లో దేశానికి తొలి మహిళా యుద్ధ పైలట్లుగా నిలిచిన అవని చతుర్వేది, భావనా కాంత్‌, మోహనా సింగ్‌లు కూడా కిరణ్‌ పాఠం హకీంపేటలోనే చదివారు.

ఈ చదువులో అన్నిటికన్నా భయపెట్టే పాఠం ‘స్పిన్‌’. వేగం తగ్గిపోయి రెక్కలకు గాలి పట్టు తప్పితే, విమానం రావి ఆకులా గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. అలా ఎందుకు పడుతుందో, పడితే ఎలా లేపాలో చెప్పాలంటే కావాలనే పడేయాలి. పైన చాలినంత ఎత్తుండాలి, కింద ఊరుండకూడదు. అందుకే శిక్షణ విమానాలు నగరం మీద కాక మెదక్‌, సిద్దిపేట వైపు చెల్కల మీద, గుట్టల మీద తిరుగుతాయి. మనకు ఆకాశంలో ఆటలా కనిపించేది అక్కడ పరీక్ష.

పరీక్ష తప్పినా బతికి బయటపడ్డవాళ్లున్నారు. 2017 సెప్టెంబరులో కీసర దగ్గర, 2018 నవంబరులో యాదగిరిగుట్ట మండలం బాహుపేట దగ్గర కిరణ్‌లు కూలాయి. రెండుసార్లూ శిక్షణలో ఉన్నవారు సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్‌తో దిగారు. పత్తిచేన్ల మధ్య దిగిన ఆ పిల్లలకు ఆ రోజు మళ్లీ పుట్టినరోజే. అయితే ఆ సీటు పనిచేయాలంటే ఎత్తుండాలి, ఒకట్రెండు క్షణాల వ్యవధి ఉండాలి. ఆ రెండూ లేని చోటు ఒకటుంది. నేను దిగబోయేది అక్కడే.

బోయిన్‌పల్లిలో ఆ రోజు

జూబ్లీ బస్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే బోయిన్‌పల్లి ఎంతో దూరం లేదు. కూరగాయల మార్కెట్టు, లారీలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, ఆదిలాబాద్‌, నిర్మల్‌, నిజామాబాద్‌ బస్సుల కోసం సంచులతో నిలబడ్డ జనం. మనవాళ్లు హైదరాబాద్‌కు టాటా చెప్పే చోటు ఇదే. ఈ వీధులకు కూతవేటు దూరంలో బేగంపేట రన్‌వే ఉంది.

2008 మార్చిలో శంషాబాద్‌ విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఖాళీగా ఉన్న ఆ చోటును విమాన ప్రదర్శనలకు వాడుకోవడం మొదలుపెట్టారు. 2010 మార్చి 3న ‘ఇండియా ఏవియేషన్‌’ ప్రదర్శన ప్రారంభమైంది. తొలిరోజు ఆకర్షణ నౌకాదళం వారి ‘సాగర్‌ పవన్‌’ బృందం. గోవాలోని ఐ.ఎన్‌.ఎస్‌. హంస వాళ్ల ఇల్లు. 2003లో ఏర్పడిన ఈ బృందం నడిపేది కిరణ్‌ మార్క్‌-2 విమానాలనే. ముదురు నీలం రంగు వేసుకుని, పొగ వదులుతూ, రెక్కకు రెక్క తగిలేంత దగ్గరగా ఎగరడం వాళ్ల విద్య.

విన్యాసం మధ్యలో బృందంలోని ఒక విమానం కిందికి దిగి, మళ్లీ పైకి లేవలేకపోయింది. బోయిన్‌పల్లిలో ఒక మేడ మీద కూలి మండిపోయింది. అందులో ఉన్న కమాండర్‌ ఎస్‌.కె.మౌర్య, లెఫ్టినెంట్‌ కమాండర్‌ రాహుల్‌ నాయర్‌ ప్రాణాలు కోల్పోయారు. కింద కొందరికి గాయాలయ్యాయి. ప్రదర్శన మైదానంలో తలెత్తి చప్పట్లు కొడుతున్న జనానికి నల్లటి పొగ పైకి లేస్తుంటే, అది కూడా విన్యాసంలో భాగమేమో అనిపించి ఉంటుంది మొదటి క్షణంలో.

సముద్రం మనుషులు. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, నీళ్ల ట్యాంకులూ కేబుల్‌ వైర్లూ నిండిన డాబాల మధ్య చనిపోయారు. నౌకాదళం పైలట్‌కు కింద అలలుంటాయి, ఎటు చూసినా ఖాళీయే. ఇక్కడ ఖాళీ ఎక్కడుంది? నిజాం కాలంలో బేగంపేట విమానాశ్రయం కట్టినప్పుడు అది ఊరి బయట. తర్వాత ఊరు నాలుగు దిక్కులా దాన్ని చుట్టేసింది. విమానాలు దిగడానికి, లేవడానికి ఒక దారంటూ ఉంటుంది కాబట్టి సర్దుకుపోవచ్చు. నేలకు దగ్గరగా పల్టీలు కొట్టే ప్రదర్శనకు ఆ చోటు తగినదేనా అన్న ప్రశ్న మాత్రం ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లం అందరం వేసుకోవాల్సింది. నా మటుకు నేను, ఇళ్ల మీద అలాంటి ఆటలు ఆడించకూడదనే అంటాను. చూసేవాళ్ల కోసమే కాదు, ఆడేవాళ్ల కోసం కూడా. ఏదైనా తేడా వస్తే విమానాన్ని పడేయడానికైనా వాళ్లకు ఒక ఖాళీ జాగా మిగలాలి.

అప్పటి రోజులు గుర్తు తెచ్చుకోండి. తెలంగాణ ఉద్యమం భగ్గుమంటోంది. ఉస్మానియాలో రోజూ లాఠీలు, ఫిబ్రవరిలోనే వేసిన శ్రీకృష్ణ కమిటీ మీద ఊరూరా చర్చ. పత్రికల మొదటి పేజీలో ఈ ప్రమాదం ఒకరోజు ఉంది, తర్వాత లోపలి పేజీలకు పోయింది, ఆపైన లేకుండా పోయింది. సాగర్‌ పవన్‌ విన్యాసాలు కూడా దాంతో ఆగిపోయాయి.

ఆ గల్లీల్లో ఒక గంటసేపు తిరిగాను. మేడలన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ ఇల్లేదని ఎవర్నీ అడగలేదు. ఒక కుటుంబం ఇంట్లో కూర్చుని ఉండగా నెత్తిన విమానం పడితే, ఇన్నేళ్ల తర్వాత ఎవడో వచ్చి తలుపు తట్టి ఆ రోజు ఎలా ఉందని అడగడం నాకు సబబనిపించలేదు. నేను వెతికింది ఒక రాయి కోసం, ఒక పలక కోసం. రెండు పేర్లు, ఒక తేదీ. నా కంటికి కనిపించలేదు.

కరీంనగర్‌ పల్లెల్లో పాత గుడి పక్కనో, చెరువు కట్టమీదో వీరగల్లులు కనిపిస్తాయి. కత్తిపట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు. పశువుల మంద కోసం కొట్లాడి చచ్చినవాడికీ ఒక రాయి ఉంది. ఆదిలాబాద్‌లో ఇంద్రవెల్లి స్తూపం ఉంది. చచ్చినవాళ్లకు రాయి నిలబెట్టడం మాకు కొత్త కాదు. కిరణ్‌ను తొలిసారి ఎగరేసిన సురంజన్‌ దాస్‌ 1970 జనవరిలో మరో విమాన పరీక్షలో చనిపోతే, బెంగళూరులో ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. ఆ రోడ్డు మీద రోజూ వేలమంది ఆయన పేరు పలుకుతూ ఆటో మాట్లాడుకుంటారు. మౌర్య, నాయర్‌ల పేర్లు పలకడానికి బోయిన్‌పల్లిలో ఒక సందు చివరైనా ఉండొచ్చు కదా అనిపించింది.

మాట వచ్చింది కాబట్టి బీదర్‌నూ తలచుకోవాలి. జహీరాబాద్‌ దాటితే వచ్చే ఆ ఊరు 1996లో పుట్టిన వాయుసేన ‘సూర్యకిరణ్‌’ బృందానికి నెలవు. వాళ్లూ కిరణ్‌లే నడిపేవారు. 2006 మార్చిలో వింగ్‌ కమాండర్‌ ధీరజ్‌ భాటియా, స్క్వాడ్రన్‌ లీడర్‌ శైలేందర్‌ సింగ్‌, 2009 జనవరిలో వింగ్‌ కమాండర్‌ ఆర్‌.ఎస్‌.ధాలివాల్‌ అక్కడే సాధన చేస్తూ పోయారు. వీళ్లెవరూ యుద్ధంలో పోలేదు. అందుకేనేమో అంత త్వరగా మరిచిపోతాం.

బోయిన్‌పల్లి చౌరస్తాలో ట్రాఫిక్‌ కదలదు. ఈ ఇరుకు తీర్చడానికి ప్యారడైజ్‌ నుంచి డెయిరీఫామ్‌ రోడ్డు దాకా ఎత్తయిన వంతెన దారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ ప్లానులో ఒక చమత్కారం ఉంది. అంతా పైనే పోయే ఆ రోడ్డు, బేగంపేట రన్‌వే దగ్గరికి వచ్చేసరికి సొరంగంలోకి దూరుతుంది! విమానం దారికి అడ్డం రాకుండా బస్సులు తల వంచుకుని పోవాలన్నమాట.

తూప్రాన్‌ దాటకముందు

కొంపల్లి, మేడ్చల్‌ దాటాక నగరం ఊపిరి వదులుతుంది. ఎడమవైపు లోపలికి పోతే దుండిగల్‌. 1967లో రాష్ట్రపతి జాకీర్‌ హుసేన్‌ శంకుస్థాపన చేసిన ఎయిర్‌ఫోర్స్‌ అకాడమీ 1971 నుంచి పైలట్లను తయారుచేస్తోంది. ఏటా రెండుసార్లు జరిగే పాసింగ్‌ అవుట్‌ పరేడ్‌ ఫొటోలు మనం పేపర్లో చూస్తాం. టోపీలు గాల్లోకి ఎగరేసే కుర్రాళ్లు, కన్నీళ్లు తుడుచుకునే అమ్మానాన్నలు. ఆ ఫొటోకు రాకుండానే ఆగిపోయినవాళ్లు కొందరు.

ఇక్కడ తొలి పాఠాలు ప్రొపెల్లర్‌ విమానం మీద నేర్పుతారు. చాలాకాలం ఆ పని చేసిన హెచ్‌పీటీ-32 పేరు ‘దీపక్‌’. పేరుకు దీపమే కానీ ఆరిపోయే దీపం. గాల్లో ఇంజన్‌ ఆగిపోవడం దాని జబ్బు. 17 ప్రమాదాల్లో 19 మందిని పొట్టన పెట్టుకుంది. 2009 జులై 31న మెదక్‌ జిల్లాలో ఇద్దరు శిక్షకులు చనిపోయాక గానీ దాన్ని మూలన పెట్టలేదు. 17 సార్లు చూడాలా అని అడగాలనిపిస్తుంది ఎవరినైనా. దాని స్థానంలో కొన్నాళ్లు అక్షరాభ్యాసం కూడా కిరణ్‌ జెట్‌ మీదే చేయించారు. సైకిల్‌ రానివాడికి మోటారు సైకిల్‌ ఇచ్చినట్టు. 2013 నుంచి స్విట్జర్లాండ్‌ పిలాటస్‌ పీసీ-7లు 75 వచ్చాక పరిస్థితి మెరుగైంది.

మెరుగైంది, అంతేకానీ ప్రమాదం పూర్తిగా పోలేదు. 2023 డిసెంబరు 4, సోమవారం. రాష్ట్రమంతా ముందురోజు వెలువడ్డ ఎన్నికల ఫలితాల గురించే మాట్లాడుకుంటోంది. ఉదయం 9 గంటలకు కాస్త ముందు, దుండిగల్‌ నుంచి లేచిన ఒక పిలాటస్‌ తూప్రాన్‌ మండలం రావెల్లి శివారులో కూలింది. ఒక గురువు, ఒక శిష్యుడు. చూస్తుండగానే కాలిపోయింది. ఇద్దరూ పోయారు. గొప్ప శిక్షకుడు పక్కనున్నా, మంచి విమానం కిందున్నా, ఒక్కోసారి అంతే.

రావెల్లి వెళ్లే దారిలో వరి మళ్లు. నాట్లేస్తున్న ఆడవాళ్లు నడుం వంచి ముందుకు జరుగుతున్నారు. పైన ఎక్కడో ఒక చిన్న విమానం గిరికీలు కొడుతోంది. ఎవరూ తల ఎత్తలేదు. ఆ శబ్దం వాళ్లకు బోరు మోటారు శబ్దం లాంటిదే. నేనొక్కణ్నే రోడ్డుమీద నిలబడి, చిన్నప్పటిలా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది మలుపు తిరిగి దుండిగల్‌ వైపు వెళ్లేదాకా చూశాను.

ఏరోడ్రోమ్‌లో పొద్దున

రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూర్‌ రాళ్లగుట్టలు... సోన్‌ దగ్గర గోదావరి దాటేసరికి చీకటి పడింది. నిర్మల్‌లో టీకి ఆగాం. హోటల్‌ పక్క దుకాణంలో కొయ్యబొమ్మలు. పొనికి కర్రతో చేసినవి, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. హకీంపేట వాంపైర్‌ గుర్తొచ్చింది. ఆకాశంలో తిరిగిన ఆ చెక్క గూడు కూడా ఇంతే తేలికైన కర్రే. దుకాణంలో చిలకలున్నాయి, సీతాఫలాలున్నాయి, విమానం మాత్రం లేదు. ఒక చిలకను కొన్నా.

ఆదిలాబాద్‌లో రాత్రి లాడ్జిలో పడుకుని, తెల్లవారుజామునే ఏరోడ్రోమ్‌కు నడిచాను. నిజాం జమానా నుంచి ఈ మైదానానికి అదే పేరు. విమానాలు లేవు కానీ పేరు పోలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా హెలికాప్టర్లూ, వాటితో పాటు హామీలూ దిగేవి. ఆదిలాబాద్‌కు విమానాశ్రయం రావాలని జిల్లా ఎన్నేళ్లుగానో అడుగుతోంది. స్థలం వాయుసేనది. 2025 ఏప్రిల్‌లో అక్కడ పౌర విమానాలు కూడా నడుపుకోవడానికి వాయుసేన ఒప్పుకున్నట్టు ప్రకటన వచ్చింది. మూడొందల కిలోమీటర్ల దూరం ఉన్న ఈ జిల్లాకు అది పెద్ద మాటే. నాకూ సంతోషమే. రోగిని రిమ్స్‌ నుంచి హైదరాబాద్‌కు తరలించేలోపు ప్రాణం పోయిందన్న వార్త విన్న ప్రతిసారీ ఈ మైదానం గుర్తొచ్చేది. ఒక్కటే కోరిక. రన్‌వే కొసన ప్లాట్లు చేసి అమ్మకముందే, ఈ చుట్టుపక్కల నేలను ఎవరైనా ఖాళీగా ఉంచితే బాగుండు. బేగంపేట ఎలా ఇరుక్కుపోయిందో చూసొచ్చినవాణ్ని కదా!

మంచు పలచగా ఉంది. ఆదిలాబాద్‌ చలి సంగతి తెలిసిందే, మఫ్లర్లు చుట్టుకుని నడిచేవాళ్లు మాటల కన్నా ముందు ఆవిరి వదులుతున్నారు. ఒక మూలన నలుగురు పిల్లలు క్రికెట్‌ స్టంపులు పాతుతున్నారు. ఇంకో పక్క ఒకాయన తన కూతురికి స్కూటీ నేర్పిస్తున్నాడు. వెనకసీటు కమ్మీ పట్టుకుని పక్కనే ఉరుకుతూ, “బ్రేకు మీద చెయ్యుంచు బిడ్డా, బ్రేకు మీద చెయ్యుంచు” అంటున్నాడు. కొంతదూరం పోయాక కమ్మీ వదిలేశాడు. ఆ పిల్లకు తెలియలేదు. తెలిశాక “బాపూ!” అని ఒక్క కేక. బండి అటూ ఇటూ ఊగింది, నిలబడింది. మైదానం చివరిదాకా పోయి, కాలు కిందపెట్టి, బండి తిప్పుకుని వచ్చింది. అంతసేపూ ఆయన చేతులు కొంచెం ముందుకు చాపే ఉంచాడు, వంద గజాల దూరం నుంచి పట్టుకోగలిగినట్టు.

వచ్చాక ఇద్దరూ బండి తోసుకుంటూ టీ బండి దగ్గరికి వెళ్లారు. నేను బస్టాండుకు బయల్దేరాను. ఈసారి నిర్మల్‌, జగిత్యాల మీదుగా, దగ్గరి దారినే.